ఏకాదశి ఫలహారమూ, గోధుమ లేని బిస్కత్తులూ

కడుపున పడిన మెతుకును ప్రాణంగా మార్చే తల్లి ఎవరో ఆమెకు మొదట మొక్కి, ఆ మార్పు జరగని ఒక చిన్న కడుపును గూర్చి ఈ నాలుగు మాటలు రాయబూనుకొన్నాను. స్వస్తి. కీలక నామ సంవత్సరం, వర్ష ఋతువు, భాద్రపద బహుళ ఏకాదశి. ఆ సాయంకాలం టెక్కలిలో మా అద్దె ఇంటి వసారాలో మా అమ్మ తన ఫలహారం ముందు కూర్చున్నది. అయిదేళ్ళ మా కుమార్తె ఆమె తొడనెక్కి కూర్చున్నది. అరిటాకులోని గోధుమరవ్వ ఉప్మాలో మొదటి ముద్ద ఎప్పటివలెనే పిల్ల నోటికి వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకు పిల్ల కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతూ ఉన్నది.

నేను అప్పుడు ఆ ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. తండ్రిగారు నా బాల్యంలోనే గతించారు. అమ్మ నియమాలు అప్పటినుంచి ఆమెను అంటిపెట్టుకొన్నవి. రాత్రి పూట అన్నం ముట్టదు. ఏకాదశినాడు పగలు కూడా ముట్టదు. కొన్ని ఇళ్ళలో ఉప్పుడుపిండి, అనగా బియ్యపురవ్వతో చేసినది, ఫలహారం కింద చెల్లుతుంది. మా అమ్మకు చెల్లదు. "బియ్యాన్ని తిరగట్లో విసిరితే బియ్యం కాకుండా పోతుందిట్రా?" అని ఒక్క మాటతో కొట్టివేసేది. కాబట్టి ఆమె రాత్రి ఆహారమంతా గోధుమే. ఒకనాడు ఉప్మా, ఒకనాడు రొట్టె. ఏది చేసుకొన్నా అందులో మనుమరాలికి పెట్టనిదే తాను నోట పెట్టుకొనేది కాదు.

పిల్లకు ఏడాదికి పైగా విరేచనాలు. పొట్ట ముందుకు పొడుచుకొని వచ్చింది. కాలుచేతులు చీపురుపుల్లల వలె అయినవి. నల్లని జుట్టు వెలిసి రాగిరంగుకు తిరిగింది. జబ్బు పడినవారికి అన్నం మాన్పించి రొట్టె, బిస్కత్తు, బార్లీ నీళ్ళు ఇవ్వడం మా ప్రాంతాల అందరూ ఎరిగిన పథ్యం. అన్నం బరువు, రొట్టె తేలిక అన్నది ఎవరూ ప్రశ్నించని విషయం. మా వైద్యుడూ అదే చెప్పాడు. బజారు రొట్టె ఎవరు ఎటువంటి చేతులతో పిసికారోనని మా అమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వక, తానే గోధుమరవ్వ జావ కాచి పోసేది. బిస్కత్తుల పొట్లాలు మాత్రం కాగితంలో చుట్టి ఉంటవి గనుక గడప దాటనిచ్చింది. పిల్ల ఎంత నీరసిస్తే అంత గోధుమ పెట్టాము. ఎంత గోధుమ పెడితే అంత నీరసించింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవడం మాలో ఎవరికీ తట్టలేదు.

మా ఎదురింట మిషను బడిలో చదువు చెప్పే ఒక టీచరమ్మ ఉండేది. ఆ ఏకాదశి మరునాటి ఉదయం ఆమె మా గుమ్మం దగ్గర నిలబడి, నా భుజం మీద వాలిన పిల్లను చూసింది.

"ఏటండి మాస్టారూ, పిల్ల ఇలగైపోనాది? ఇంకా ఆ బిస్కత్తులే పెడతన్నారా?"

"వైద్యుడు పెట్టమన్నాడమ్మా."

"ఆయన సెప్పినాడు, మీరు పెట్టినారు, పిల్ల సిక్కిపోనాది. ఎవల పని ఆలు బాగానే సేసినారు. మా మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉంది. నాతోటి రండి, సూపిద్దాం."

లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "వెళ్ళిరా నాయనా. మరచెంబుతో నీళ్ళు ఇస్తాను, అవే పట్టించు."

ఆసుపత్రి బారువ వైపు. బస్సు ఉద్దానం కొబ్బరితోటల నడుమ ఊగుతూ పోతుంటే పిల్ల నా ఒడిలో కళ్ళు తెరవకుండా పడుకొన్నది. డాక్టరమ్మ పిల్ల పొట్ట నొక్కి చూసి, కనురెప్పలు లాగి చూసి, తరువాత నన్నే ఎక్కువసేపు పరీక్షించింది. పొద్దున ఏం తింటుంది, సాయంత్రం ఏం తింటుంది, అన్నం ఎందుకు మాన్పించారు అని అడిగింది. చివరి ప్రశ్నకు, అందరూ మాన్పిస్తారు గనుక అన్నాను.

"గోధుమపిండి తడిపి పిసికితే సాగుతుంది కదండీ. ఆ సాగే గుణాన్నిచ్చే జిగురు కొందరి పేగులకు పడదు. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఏం తిన్నా ఒంటికి పట్టదు. నేను పుస్తకాలలో చదివిందే ఎక్కువ, చూసింది తక్కువ. కానీ మీ పిల్ల సంగతి అదే అనుకుంటున్నాను. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ, ఏదీ ఒక్క పలుకు కూడా లోపలికి వెళ్ళకూడదు. అన్నం పెట్టండి."

"ఎంతకాలమండీ?"

"బతికినంత కాలం," అని, పిల్ల ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఇంకొక వానాకాలం ఇలాగే గడిస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

ఇంటికి వచ్చి ఆ మాటలు చెప్పినప్పుడు అమ్మ వింటూ వింటూ తన కుడిచేతిని చూసుకొన్నది. "అయితే నేను పెట్టినదేనన్నమాట," అన్నది. ఆ రోజునుంచి తన ఫలహారాన్ని పెరటి కొట్టులోకి తీసుకొనిపోయి, తలుపు గడియ వేసుకొని తినసాగింది. గడియకు ఇవతల పిల్ల కూర్చునేది.

"బామ్మా, తలుపు తియ్యవే. ఒక్క ముద్దే."

"పిల్లి వచ్చిందమ్మా, తలుపు తీస్తే దూరుతుంది."

"పిల్లి నా దగ్గరే ఉందే. నేనే పిల్లిని."

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయేది. తరువాత నా భార్య ఆ గిన్నె తోమబోతే అందులో సగం ఉప్మా అలాగే ఉండేది.

గోధుమ మానిన తరువాత అసలు కష్టం వచ్చిపడింది. పిల్ల అన్నం తినదు. ఏడాదిపాటు మాన్పించిన అన్నాన్ని ఆమె నాలుక మరిచిపోయింది. ముద్ద నోట పెడితే బుగ్గన దాచి, మేము అటు తిరగగానే ఉమ్మివేసేది. బిస్కత్తు కావాలని రోజంతా ఒకటే ఏడుపు. గోధుమ తింటే చస్తుందన్నారు. తినకపోతే మా కళ్ళ ముందే ఆకలితో ఎండిపోతున్నది. మార్గశిరంలో ఎదురింట క్రిస్మసుకు కేకు కాల్చే సన్నాహం జరుగుతుండగా, నా భార్య ధైర్యం చేసి వీధి దాటి వెళ్ళి, గోధుమ లేకుండా బిస్కత్తు కాలుతుందా అని టీచరమ్మను అడిగింది.

మా పెరట్లోనే పని మొదలైంది. వెడల్పాటి ఇత్తడి గిన్నె అడుగున ఇసుక పోసి, ఆ ఇసుక మీద నెయ్యి రాసిన పళ్ళెం పెట్టి, గిన్నెకు మూత వేసి, కింద మంట, మూత మీద నిప్పులు. అదే మా పొయ్యి. మొదటిసారి బియ్యప్పిండి, పలాస జీడిపప్పు పొడి, బెల్లం కలిపారు. మూత తీసేసరికి పైపైన చక్కని రంగు తిరిగిన బిస్కత్తులు కనిపించినవి. చేత్తో తీయబోతే పొడిపొడిగా రాలిపోయినవి.

"జిగురు నేదు కదండీ, అందుకే ఇరిగిపోతన్నాయి," అన్నది టీచరమ్మ. ఇంటి వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "ఒక్క గుడ్డు కొట్టి ఏసీమంటే ముద్ద పట్టుకుంటాది గానీ..."

"వినపడింది టీచరమ్మా," అని లోపలినుంచి అమ్మ. "ఆ ఒక్కటీ మీ దగ్గరే ఉంచుకొని ఇంకేదైనా చెప్పండి."

"ఓలమ్మో, బామ్మగారి సెవులు బలే సురుకండి!"

"కళ్ళు పోయాయి, చెవులైనా ఉండనీ. పాలగుండ వేసి చూడండి. వీడు పసివాడుగా ఉన్నప్పుడు కడుపు చెడితే అదే కాచి పోశాను. ఉడికిస్తే గంజి కన్నా చిక్కగా అతుక్కుంటుంది."

పాలగుండ అంటే దుంపలనుంచి తీసే తెల్లని పిండి. దానిని నీళ్ళలో ఉడికించి ఆ గంజితో ముద్ద కలిపారు. పిల్ల వేళ్ళతో ఒక్కొక్క ఉండనూ నొక్కి చపటా చేసింది. ఆమె వేలిముద్రలు అట్లాగే ఉండగా బిస్కత్తులు కాలినవి. విరగలేదు. చల్లారకముందే ఒకటి తీసుకొని, కాలుతున్నదని ఆ చేతిలోనుంచి ఈ చేతిలోకి మార్చుకొంటూ, మొత్తం తిన్నది. నా భార్య పొయ్యి ముందునుంచి లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆ నెలంతా పిల్ల బుగ్గల మీద కొంచెం కండ కనిపించింది. విరేచనాలు తగ్గినవి. పుష్యమాసం రాగానే మళ్ళీ మొదలైనవి. ఈసారి మునుపటికన్నా ఉధృతంగా. పిల్ల లేచి నిలబడలేకపోయింది.

గోధుమ ఇంట్లో ఉన్నది ఒక్క పెరటి కొట్టులోనే. ఆ మాట ఎవరూ అనకుండానే ఇంటినిండా వ్యాపించింది. చివరకు నా భార్యే అన్నది.

"అత్తయ్యా, కోపగించుకోకండి. పిల్ల ఏడ్చిందని ఎప్పుడైనా... ఒక్క ముద్ద..."

అమ్మ మజ్జిగ చిలుకుతున్నది. కవ్వం ఆపలేదు. "నీకు తోస్తే పెట్టాననే అనుకో."

"అనుకోవడం కాదత్తయ్యా. పిల్ల పోతుంది."

"పోతుందని నాకూ తెలుసు."

నేను ఇద్దరి నడుమ వసారాలో నిలబడి ఉన్నాను. ఆ సాయంకాలం అమ్మ పెరటి కొట్టులోకి వెళ్ళలేదు. మరునాడు వెళ్ళలేదు. నీళ్ళూ, అరటిపండూ. పిల్ల పక్క మీదికి కూడా పోకుండా దూరంగా స్తంభానికి ఆనుకొని కూర్చున్నది.

తరువాత ఒక మధ్యాహ్నం నేను బడినుంచి రాగానే ఆమె నన్ను వంటింటి గడప దగ్గరికి పిలిచింది. కోడలినీ పిలిచింది. ఆమె ముందు ఒక చిన్న గిన్నె ఉన్నది. కడుపు నొప్పికి ఇంగువ మజ్జిగ మందని మా ఇంట వాడుక. గోధుమ మానినది మొదలు ఆమె రోజూ పొద్దున ఇంగువ నానబెట్టి, మజ్జిగలో కలిపి పిల్లకు పట్టిస్తూ వచ్చింది. ఇంట్లోని పాత ఇంగువ రాయివలె గట్టిది. పుష్యమాసానికి ముందు అది అయిపోతే నేను బజారులో మెత్తని ముద్ద ఇంగువ కొని తెచ్చాను. చివరిసారి నానబెట్టిన ముక్క గిన్నెలోనే మిగిలిపోయింది. అమ్మ దానిని రెండు వేళ్ళ నడుమ పెట్టి లాగింది. తీగవలె సాగింది.

"నువ్వు పుస్తకాలకు అట్టలు అతికిస్తావే, ఆ జిగురు కాదూ ఇది?" అన్నది.

నేను ఆ ముద్దను కాగితంలో చుట్టుకొని దుకాణానికి పరుగెత్తాను. షావుకారు దానిని చూసి నవ్వాడు.

"మైదా కలపకపోతే ముద్ద ఎలగవుతాది బాబూ? వొట్టి ఇంగువ ఎవులు తినగలరు? ఎక్కడినించి ఒచ్చినా అలగే ఒస్తాది. మాం కలిపింది కాదు."

ఇంటికి వచ్చి చెప్పాను. నా భార్య అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. అమ్మ ఆమె తల మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకొన్నది.

"నువ్వు అన్నది తప్పు కాదమ్మా. పెట్టింది నేనే."

"మందనుకొని పెట్టావు," అన్నాను.

"గోధుమ కూడా మందనుకొనే పెట్టానురా. ఈ చెయ్యి ఈ ఇంట్లో ఉండకూడదు. మందసలో చెల్లి ఉంది, అక్కడ దింపిరా. నా రవ్వా నేనూ ఒకేసారి పోతాం."

ముసలివారికీ రోగులకూ నియమాలు సడలించుకొనే వెసులుబాటు ఉన్నదని నేను చదివినదంతా ఏకరువు పెట్టాను. రాత్రిపూట ఇంత అన్నం తింటే గోధుమ అవసరమే ఉండదు గదా అని బతిమాలాను.

"నువ్వు చదువుకున్నవాడివి, నీకు సడలింపులు తెలుస్తాయి. నేను చదువుకోలేదు. నాకు నియమమే తెలుసు," అని మూట కట్టుకొన్నది.

అమ్మ వెళ్ళిన తరువాత ఇంగువ లేదు, గోధుమ లేదు, ఇల్లంతా కడిగి శుభ్రం చేశాము. పిల్ల విరేచనాలు కట్టినవి. అయితే ఆమె నోరు కూడా కట్టివేసింది. అన్నం లేదు, బిస్కత్తు లేదు. బామ్మ పెడితేనే తింటానన్నది. ఏడవడం కూడా మానివేసి గోడ వైపు తిరిగి పడుకొనేది. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ తీసుకొనిపోతే, ఆమె పిల్లను తూచింది. "తిండే మందండీ దీనికి. తినిపించేవాళ్ళు ఎవరైతే వాళ్ళను తీసుకురండి," అన్నది.

తిరుగు దారిలో పలాసలో దిగి జీడిపప్పు కొన్నాను. ఇంట్లో అడుగు పెట్టగానే ఆ పొట్లం నా భార్య అందుకొన్నది.

"ఈసారి బియ్యప్పిండి వెయ్యను," అన్నది.

"నిలబడవేమో?"

"నిలబడేదాకా చేస్తాను. బియ్యం ఉంటే అత్తయ్య తినరు. గోధుమ ఉంటే పిల్ల తినకూడదు. రెండూ లేకుండా చేస్తే ఇద్దరూ ఒక పళ్ళెంలో తింటారు."

మరునాడు ఆమె తెల్లవారుతూనే తలస్నానం చేసి, తడిచీర మడితో పొయ్యి ముందు కూర్చున్నది. గిన్నె కొత్తది, ఇసుక కొత్తది. జీడిపప్పు పొడి, ఎండుకొబ్బరి కోరు, పాలగుండ, నెయ్యి, బెల్లం పాకం. మొదటి వాయ పళ్ళేనికి అంటుకొనిపోయింది. రెండవది మాడింది. టీచరమ్మ మడికి దూరంగా ప్రహరీ అవతల నిలబడి, "నిప్పులు పైన తగ్గించండమ్మా! పైన, పైన! అయ్యో, అది కింద!" అని కేకలు వేస్తూనే ఉన్నది. మధ్యాహ్నానికి ఒక డబ్బా నిండింది. మాఘమాసం, ఏకాదశి. ఆ సాయంకాలానికే పిల్లను భుజాన వేసుకొని, డబ్బా పట్టుకొని మందస చేరాను.

పిన్ని ఇంటి వాకిట్లో అక్కచెల్లెళ్ళు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అమ్మ ముందు ఆకులో గోధుమరొట్టె ఉన్నది. నన్ను చూడగానే ఆమె ఆకు మడిచి వెనక్కి తోసివేసింది. లేచి లోపలికి పోబోయింది.

"ఎక్కడికే పారిపోతావు?" అన్నది పిన్ని. "పిల్లను చూడు, పీనుగులా ఉంది."

"నా చెయ్యి మంచిది కాదే."

"నీ చెయ్యి బాగానే ఉంది, నీ మంకుపట్టే బాగాలేదు. మన అత్తల కాలంలో ఈ ఊళ్ళో గోధుమ ఎవరు చూశారే? ఏకాదశికి వాళ్ళు కొబ్బరిముక్కా అరటిపండూ తినలేదూ? రేషను కొట్లో బియ్యం లేవని గోధుమలు పోస్తే తినడం నేర్చుకున్నాం. రేషనువాడు కొలిచింది నీకు వేదమైపోయిందా?"

"నోరు మూసుకోవే."

"నువ్వు తెరువు, నేను మూసుకుంటాను."

నేను డబ్బా మూత తీసి అమ్మ ముందు పెట్టి, అందులో ఏమేమి ఉన్నవో, ఏవి లేవో చెప్పాను. ఆమె ఒక బిస్కత్తు తీసి వాసన చూసింది. నెయ్యి ఎక్కడిదని అడిగింది. గిన్నె కొత్తదేనా అని అడిగింది. ఎవరు కాల్చారని అడిగింది. కోడలు మడి కట్టుకొని కాల్చిందని చెప్పాను. తరువాత వాకిటి నూతి దగ్గరికి పోయి చెయ్యి కడుక్కొన్నది. కడిగిన చేతినే మళ్ళీ కడిగింది.

పిల్ల నా భుజం మీదినుంచి జారి ఆమె తొడ మీదికి చేరింది. అమ్మ బిస్కత్తు విరిచి ముక్క పిల్ల పెదవుల దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయింది.

"నువ్వు ముందు," అన్నది పిల్ల.

"నేనెందుకమ్మా?"

"నీకు కడుపు నొప్పి రాకపోతే అప్పుడు నేను."

పిన్ని గట్టిగా నవ్వింది. అమ్మ ఆ ముక్క నోట పెట్టుకొని నమిలింది. "పాకం ముదిరింది," అన్నది. రెండవ ముక్క పిల్ల తిన్నది. మూడవది తానే అందుకొన్నది.

మరునాడు ముగ్గురమూ టెక్కలి బస్సెక్కాము. అమ్మ రవ్వ డబ్బా పిన్ని ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లకు గండం తప్పిందని నేను అప్పుడు అనుకోలేదు. ఫాల్గుణంలో మళ్ళీ ఒకసారి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. అప్పుడు గోధుమ ఏ దారిన లోపలికి పోయిందో ఎంత వెదికినా తెలియలేదు.

సౌమ్య నామ సంవత్సరం, అధిక మాసం వెళ్ళిన తరువాత, నిజ ఆషాఢ శుద్ధ విదియ నాడు పిల్లను ఒకటవ తరగతిలో చేర్చాము. మధ్యాహ్నం బడిలో పిల్లలకు గోధుమ ఉప్మా పెడతారు గనుక, ఆ సంవత్సరమంతా ఆ వేళకు మా అమ్మ బిస్కత్తుల డబ్బా పట్టుకొని వెళ్ళి బడి అరుగు మీద కూర్చున్నది.